ఆగితే ఆగిపోయే వైకుంఠ రథం

"పుంగనూరు పట్టణ ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, అంతిమయాత్రల నిమిత్తం నడుపబడుచున్న వైకుంఠ రథం నేటినుండి మార్గమధ్యంలో ఎక్కడా ఆపబడదు. ఏడ్చువారు ఇంటివద్దనే ఏడ్చుకొని రావలెను. దింపుడు కళ్లం రద్దు చేయడమైనది. ప్రజలు సహకరించగలరు."

ఆటోకు మైకు కట్టి వీధివీధికీ ఈ ప్రకటన వినిపించినప్పుడు మా ఊళ్లో ఒక్కరూ ఉలిక్కిపడలేదు. కుళాయి నీళ్లు రాని రోజున వచ్చేదీ ఆ ఆటోయే, ఆ గొంతే. "సహకరించగలరు" అన్న మాట చెవిన పడగానే సహకరించేయడం మాకు బొడ్డూడనినాటి నుంచీ అలవాటు. అయినా పొరుగూరివాళ్లు ఎవరైనా ఈ కథ చదువుతారేమోనని, రద్దయిన ఆ ఆచారం ఏమిటో, రథం ఎందుకు ఆగకూడదో కాస్త వివరించడం నా విధి.

శవాన్ని శ్మశానానికి మోసుకుపోతూ సగం దారిలో పాడెను ఒకసారి నేలమీద దింపుతారు. అయినవాళ్లు చెవి దగ్గర నోరుపెట్టి మూడుసార్లు పేరుపెట్టి పిలుస్తారు. పలికితే వెనక్కి తీసుకెళ్తారు, పలక్కపోతే ముందుకు తీసుకెళ్తారు. నాడి చూసేవాడు దొరకని కాలంలో పెద్దలు పెట్టిన ఆఖరి పరీక్ష ఇది. పాడె దింపే ఆ చోటే దింపుడు కళ్లం. మా ఊళ్లో అది చింతతోపు మలుపులో ఉంది.

ఇక రథం సంగతి. పూర్వం మా శ్మశానం ఊరిని ఆనుకునే ఉండేది. అక్కడ ప్లాట్లు పడ్డాయి. చనిపోయినవాళ్లు రిజిస్ట్రేషన్ కాగితాలు చూపించలేకపోయారు కాబట్టి వాళ్లను గుట్ట కిందికి మార్చారు. గుట్ట దాకా మోయాలంటే భుజాలు కావాలి. మా భుజాలు అప్పటికే రకరకాల నాయకులను ఊరేగించి అలసిపోయి ఉన్నాయి. ఈ కష్టం కుప్పంలో గ్రానైటు క్వారీలున్న ఉమాపతి గారి చెవిన పడింది. ఆయన మా ఊరి కొడుకూ కాదు, అల్లుడూ కాదు. రాబోయే ఎన్నికల్లో మా ఊరికి ఏమవుతారో అప్పటికి ఇంకా తేలలేదు. అయినా ఆయన గుండె కరిగింది. బెంగళూరులో ఎవరో వదిలించుకోవాలని చూస్తున్న పాత పెట్రోలు వ్యాను ఒకటి, కార్బొరేటర్ల కాలం నాటిది, తెప్పించి తెల్లరంగు వేయించి, రెండు పక్కలా గరుత్మంతుణ్ణీ, ఆ గరుత్మంతుడి కంటే కొంచెం పెద్దగా తన బొమ్మనూ గీయించి మాకు దానం చేశారు.

దానం చేస్తే శిలాఫలకం ఉండాలి. శిలాఫలకానికి గోడ ఉండాలి. వ్యానుకు గోడ లేదు. ఈ చిక్కు మీద ప్రారంభోత్సవ కమిటీ చాలాసేపు తలలు పట్టుకుంది. వెనక తలుపుకు బిగిస్తే తలుపు ఊడి మేస్త్రీ కాలిమీద పడింది. పక్క రేకుకు బిగిస్తే బండి ఆ పక్కకు ఒరిగి, అలిగిన అల్లుడిలా నిలబడింది. చివరికి కమిటీ చూపు ముందు సీట్ల మీద పడింది. ఆ రకం వ్యానులో ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. డ్రైవరు పక్కనున్న సీటు పీకేసి, ఇంజను మూత మీద కుప్పం పచ్చరాయి పలకను పడుకోబెట్టి, నాలుగు పక్కలా బోల్టులు దించి, సందుల్లో సిమెంటు పూశారు. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, అందరి పేర్లూ పలక మీదికెక్కాయి. అక్కడ ఎవరూ కూర్చోకూడదని పసుపుగుడ్డ కప్పారు.

ప్రారంభోత్సవం రోజున ఉమాపతి గారు చేసిన ప్రసంగం మా ఊరి చరిత్రలో నిలిచిపోతుంది. "సోదర సోదరీమణులారా! మీకు బతుకుదెరువు సూపించే శక్తి నాకు లేకపోవచ్చు. అది ప్రభుత్వం పని. కానీ మీరు సచ్చిపోతే సూస్తా ఊరుకునే మనిషిని కాదు నేను! ఈ పుంగనూరులో ఏ పేదవాడూ తన శ్మశానానికి తాను నడిచిపోయే దుస్థితి రాకూడదనేదే నా కల!" అన్నారు. మేము చప్పట్లు కొట్టాం. ఎందుకు కొట్టామో ఇంటికి పోయాక ఆలోచించుకోవచ్చనుకున్నాం, ఇంటికి పోయాక నిద్ర వచ్చింది.

బండి మొదటి అంతిమయాత్రలోనే తన గుణం చూపించింది. డ్రైవరు గణేష్ కాలు యాక్సిలరేటర్ మీద ఉన్నంతసేపూ బంగారంలా నడిచింది. కాలు తీసిందే తడవు, రెండు దగ్గులు దగ్గి ప్రాణం విడిచింది. శవం కంటే ముందు బండే పోయిందని వెనక నడుస్తున్న ఆడవాళ్లు ఇంకో విడత ఏడ్చారు.

ఇదేమీ అంతుబట్టని జబ్బు కాదు. పాత స్కూటరో మోపెడో తోలిన ప్రతివాడికీ తెలిసిందే. కార్బొరేటర్‌లో స్లో జెట్ అని సూదిబెజ్జమంత దారి ఒకటుంటుంది. బండి కదలకుండా నిలబడి ఉన్నప్పుడు ఇంజను ఆ దారినే పెట్రోలు తాగి బతుకుతుంది. అందులో నలక పడితే బండి పరిగెత్తగలదు గానీ నిలబడలేదు. జెట్ విప్పి, ఉఫ్‌మని ఊది, మళ్లీ బిగిస్తే సరి. మా ఊళ్లో పాలు పోసేవాళ్లు కూడా రోడ్డు పక్కన క్యాన్లు దించి ఈ పని చేసుకుని, పాలు విరిగేలోపల మళ్లీ బయలుదేరతారు.

కాకపోతే కార్బొరేటర్ శిలాఫలకం కింద ఉంది.

బండిని మదనపల్లెలో లోకేష్ షెడ్డుకు తీసుకెళ్లారు. అతను ఇంజను చప్పుడు విని, "నలక పడుండాదప్పా జెట్లో. ఎంతసేపు పని? ఆ రాయి తీసేయండి" అన్నాడు. వైకుంఠ రథ నిర్వహణ కమిటీ అధ్యక్షుడు గోవిందస్వామి ముఖం మాడిపోయింది. "రాయి తీసేదా? అది రాయి కాదప్పా, అన్న పేరు" అన్నాడు. ఆ అన్న గారి క్వారీ లారీలన్నీ మరమ్మతుకు తన షెడ్డుకే వస్తాయన్న సంగతి లోకేష్‌కు అప్పుడు గుర్తొచ్చింది. అతను మళ్లీ చెవి ఆనించి విన్నాడు. "ఇప్పుడు ఇంటే జెట్ మాదిరి అనిపించలేదు. గాలి సోకినట్టుండాది" అన్నాడు. రోగం ఒకటే అయినా రోగి బంధువులను బట్టి పేరు మార్చగలవాడే నిజమైన వైద్యుడు.

గాలి సోకిందన్నారు కాబట్టి దిష్టి తీశారు. బూడిద గుమ్మడికాయ పగిలింది, రథం నిలబడలేదు. నిమ్మకాయలు చక్రాల కింద నలిగాయి, రథం నిలబడలేదు. బండిని దక్షిణముఖంగా నిలపడం దోషమని ఒకాయన అన్నాడు. శవాల బండికి దక్షిణమే మంచిదని ఇంకొకాయన అన్నాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. పెట్రోలు కల్తీ అన్నారు, బంకు మార్చారు. గణేష్ జాతకంలో శని ఉందన్నారు. కడుపునిండా సంగటి తినలేని డ్రైవరు జాతకంలో శని కాక ఇంకేముంటుందని ఎవరూ అడగలేదు.

కొంతకాలం గణేష్ తన తిప్పలు తాను పడ్డాడు. దింపుడు కళ్లం దగ్గర గేరు తీసేసి, యాక్సిలరేటర్ తొక్కిపట్టి బండిని బతికించేవాడు. ఆ మోతలో చనిపోయినవాడి చెవిలో పేరు చెప్పాలంటే పలమనేరుకు వినిపించేంత గట్టిగా అరవాల్సి వచ్చేది. చోక్ లాగితే నల్లటి పొగ లేచి, చివరిచూపుకు వచ్చినవాళ్లకు శవం కనిపించేది కాదు. అంతలో బ్యాటరీ కూడా చచ్చింది. బ్యాటరీ ఎక్కడుందో మీరే చెప్పగలరు. పసుపుగుడ్డ కిందే. దాంతో ఆగినప్పుడల్లా బండిని తోసి స్టార్టు చేయాల్సి వచ్చింది.

అప్పుడు సాంకేతిక నిపుణుల సంఘం ఒకటి వేశారు. అందులో హోమియో మందులిచ్చే ఆయన, టమాట మండీ దళారి, ఉమాపతి గారి తోడల్లుడు ఉన్నారు. వాళ్లు బండి చుట్టూ ప్రదక్షిణం చేసి, కాఫీ తాగి, ఏకగ్రీవంగా నివేదిక సమర్పించారు. "వాహనంలో ఎటువంటి లోపమూ లేదు. లోపమంతా ఆగుటలో ఉన్నది. ఆపకుండా నడిపినచో వాహనం సక్రమంగా నడుచుచున్నది." ఇంత సూక్ష్మమైన పరిశీలన మాలో ఎవరికీ తట్టనందుకు సిగ్గుపడ్డాం. ఆటో తెచ్చి మైకు కట్టింది ఆ సాయంత్రమే.

ఆగని బండికి ఊరు అలవాటు పడటానికి ఎంతోకాలం పట్టలేదు. శ్మశానం దారిలో స్పీడ్‌బ్రేకర్లు తవ్వి తీసేశారు. పిల్లల బడి ముందున్నది కూడా తవ్వేశారు, రథానికి పిల్లలూ పెద్దలూ అన్న తేడా లేదు గదా. శవమున్న ఇంటి ముందు వీధిలో గణేష్ బండిని గుండ్రంగా తిప్పుతుంటే, బంధువులు పాడె ఎత్తుకుని పక్కనే పరిగెత్తి, వెనక తలుపులోంచి లోపలికి తోసేవాళ్లు. ఈ విద్యలో మావాళ్లు ఆరితేరారు. కొన్ని వీధుల్లో పెద్దవాళ్లకు జబ్బుచేయగానే ముందు జాగ్రత్తగా మనవళ్లు పొద్దున్నే పరుగు సాధన మొదలుపెట్టారు. శవం ముందు డప్పు పలకలు కొట్టేవాళ్లలో వయసు మళ్లినవాళ్లు మానుకున్నారు. శవం మీద చల్లే బొరుగులు వెనక వచ్చేవాళ్ల నెత్తిన పడటం మామూలైపోయింది. బండికి ఒక మెకానిక్ కూడా తోడుండాలని తీర్మానించి, లోకేష్‌ను సామాన్ల సంచితో బైకు మీద వెంట రమ్మన్నారు. బండిని తెరవకూడదన్న షరతు మీద.

అంతా ఇలా సవ్యంగా జరిగిపోతుండగా లింగప్ప చనిపోయాడు.

లింగప్ప ఊరి చివర వీధిలో గొర్రెలు మేపుకునే మనిషి. పిల్లాజెల్లా లేరు. ఉన్నదంతా భార్య సిద్దమ్మ, ఆ గొర్రెలు. పెద్దాసుపత్రిలో డాక్టరు చూసి అయిపోయిందన్నాడు. సిద్దమ్మ మాత్రం అయిపోయిందని అనుకోలేదు. చీరకొంగు నడుముకు దోపుకుని నేరుగా గోవిందస్వామి ఇంటికి వచ్చింది.

"సామీ, తోపు మలుపులో బండి ఒక్క గడియ ఆపించప్పా. నేను పిలుసుకోవాల."

"తీర్మానమైపోయిండాది గదమ్మా. ఆపకూడదు."

"మా మామను గూడా సచ్చిపోయినాడనే ఎత్తుకపోయినారు. ఆడ దింపి మా అత్త పిలిస్తే కండ్లు తెరిసినాడు. ఆ తర్వాతే గదప్పా నేను కోడలుగా వచ్చింది. నా సేతి సంగటి తిని పోయినాడు ఆయప్ప. ఈయప్పా ఆ రగతమే. పిలిస్తే లేస్తాడు."

ఆమె అత్తమామల కథ ఊరంతటికీ తెలుసు, అబద్ధం కాదు. గోవిందస్వామి గొంతు సవరించుకున్నాడు. రాబోయే ఎన్నికల్లో వార్డుకు నిలబడాలనుకుంటున్న మనిషి, ఊరికే కాదని చెప్పలేడు. "అమ్మా, సైన్సు ఎంతో ఎదిగిండాది. నువ్వు పిలిసేది సెల్లులో రికార్డు చేసి ఇయ్యి. సెవి కాడ పెట్టి దారి పొడుగూతా మోగిస్తాం. మూడుసార్లు ఏంది, మూడునూర్లసార్లు పిలుస్తాది" అన్నాడు.

"ఆయప్ప పలికితే ఇనేదానికి నేనుండొద్దా?" అంది సిద్దమ్మ.

ఈ ప్రశ్నకు కమిటీ దగ్గర తీర్మానం లేదు. అందుకని గోవిందస్వామి లోపలికి వెళ్లి భోజనం చేశాడు.

మరునాడు ఎండ ఎక్కకముందే రథం వచ్చి వీధిలో గుండ్రంగా తిరిగింది. లింగప్పతో చిన్నప్పటినుంచీ గుట్టల వెంట గొర్రెలు తోలిన కదిరప్ప, ఇంకొందరు పాడెతో పరిగెత్తి దాన్ని లోపలికి తోశారు. వెనక బైకులు వరుసకట్టాయి. ఉమాపతి గారు కుప్పం నుంచి ఫోన్‌లో లైవ్ చూస్తున్నారని గోవిందస్వామి ప్రకటించాడు. అందరూ జుట్టు సర్దుకుని విచారంగా కనిపించడం మొదలుపెట్టారు. ఈ హడావుడిలో సిద్దమ్మ లేదని ఎవరూ గమనించలేదు.

ఆమె చేలకు అడ్డంపడి పోయి, తోపు మలుపులో రోడ్డు నడుమ నిలబడి ఉంది.

గణేష్‌కు ఆమె కనిపించింది. తీర్మానాలు ఎన్ని చేసినా కాలు మనిషిది. యాక్సిలరేటర్ మీది నుంచి లేచి బ్రేకు మీద పడింది. రథం రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

బండి ఆగిపోతే అంత నిశ్శబ్దంగా ఉంటుందని మేము మరిచిపోయాం. చింతచెట్లలో గాలి వినిపించింది. గోవిందస్వామి పరిగెత్తుకొచ్చి, "దింపేదానికి పర్మిషన్ లేదు! దించొద్దండి!" అన్నాడు. ఎవరూ దింపలేదు. సిద్దమ్మే వెనక తలుపు తీసి లోపలికెక్కింది.

పెళ్లయిన నాటినుంచీ ఆమె ఆయన్ను "ఏమప్పో" అనే పిలిచింది. మొగుడి పేరు నోట పలకడం మా ఊళ్లో ఆడవాళ్లకు లేదు. రేషన్ షాపులో పేరు అడిగితే పక్కవాళ్ల వైపు చూసేది. ఆమె వంగి, ఆయన చెవి మీది జుట్టు పక్కకు తీసి, "లింగప్పా" అంది. కొంచెం ఆగి మళ్లీ అంది. మూడోసారీ అంది. నేను ఎన్నో అంతిమయాత్రలకు పోయాను, చాలావాటిలో కాలక్షేపం చేశాను. ఆ పిలుపు వింటే మాత్రం నాకు ఏడుపొచ్చింది. ఇందులో వ్యంగ్యమేమీ లేదు.

లింగప్ప పలకలేదు. ఆమె ఆయన ముఖాన్నే చూస్తూ ఎంతోసేపు కూర్చుంది. తరువాత ముఖం మీద గుడ్డ సరిచేసి కిందికి దిగింది. "పోయినాడప్పా. నిజంగానే పోయినాడు. ఇంక తీసకపోండి" అంది.

తీసుకెళ్లడానికి బండి కదలాలి గదా. అందరం తోశాం. గణేష్ గేరు వేశాడు, చోక్ లాగాడు, దేవుణ్ణి తలుచుకున్నాడు. పెట్రోలు వాసన గుప్పుమంది గానీ ఇంజను పలకలేదు. లోకేష్ సామాన్ల సంచి తెరిచి, పసుపుగుడ్డ వైపు చూసి, మళ్లీ సంచి మూసేశాడు. అంతలో గోవిందస్వామి చేతిలోని ఫోన్‌లోంచి, కుప్పం నుంచి లైవ్‌లో ఉమాపతి గారి గొంతు వినిపించింది. "ఎట్టి పరిస్థితుల్లో పాడె బయటికి తియ్యొద్దు! ఎవడో ఒగడు ఫోటో తీస్తాడు. నా రథంలో ఎక్కిన మనిషి నా రథంలోనే పోవాల. అది ఆయనకు మనమిచ్చే గౌరవం!"

సిద్దమ్మ అటూ ఇటూ చూసింది. "ఈ బండిని, ఆ రాయిని గుట్టదాకా ఎందుకు తోస్తారప్పా? ఆయప్ప ఏముండాడు, ఎముకలే గదా. దింపి ఎత్తుకోండి. నాలుగు బుజాలు సాలు" అంది.

ఎవరూ కదలలేదు. ఆమెకు మేము వినలేదేమోనని అనిపించినట్టుంది. దగ్గరికి వచ్చి ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచింది.

"కదిరప్పా" అంది. కదిరప్ప పశువుల షెడ్డు అర్జీ ఉమాపతి గారి సిఫారసు కోసం ఎదురుచూస్తోంది. కదిరప్ప తన చెప్పులోంచి ముల్లు తీసుకుంటూ వంగాడు. ఆమె మళ్లీ పిలిచింది. మూడోసారీ పిలిచింది. ముల్లు రాలేదు.

"గోవిందసామీ" అంది. అధ్యక్షుడు ఫోన్ ఎత్తి కుప్పానికి తోపు అందాలు చూపిస్తున్నాడు. రెండోసారికి కెమెరా ఇంకో పక్కకు తిప్పాడు, మూడోసారికి తాను కూడా తిరిగాడు.

"గణేషూ" అంది మూడుసార్లు. గణేష్ స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాడు. బండి ఆపిన తప్పుకు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అతనికి ఇంకా తెలియలేదు. "లోకేషూ" అంది మూడుసార్లు. లోకేష్ సంచిలో స్పానర్లు సర్దుకున్నాడు.

ఆ తరువాత మిగిలినవాళ్లను కూడా పిలిచింది. అంత దుఃఖంలోనూ ఒక్క పేరు తప్పలేదు. నా పేరు పిలిచింది. ఇంత ఆసక్తిగా ఇక్కడిదాకా చదువుకుంటూ వచ్చారంటే మీరూ ఆ గుంపులోనే ఎక్కడో ఉండి ఉంటారు, మీ పేరూ పిలిచే ఉంటుంది. బండి ఆగిపోయి ఉంది కాబట్టి మోతలో వినపడలేదని చెప్పుకునే వీలు కూడా మనకు లేదు.

ఆచారాలు మారవచ్చు గానీ, మూడుసార్లు పేరుపెట్టి పిలిచినా పలకనివాళ్లను ఎటువైపు తీసుకెళ్లాలన్న దాంట్లో మా ఊళ్లో ఎన్నడూ రెండో మాట లేదు. మేమంతా బండికి చేతులు ఆనించి, తోసుకుంటూ, శ్మశానం వైపు బయలుదేరాం.